ధనరాజ్ పరుగు, నా చావు

ఆ పొద్దున ఆకాశం గాబులో అడుగున మిగిలిన నీళ్ల రంగులో ఉంది. కార్తీకం దాటాక మబ్బు పట్టకూడదు. పట్టింది. చేలల్లో పత్తి విచ్చుకుని ఉంది. ఒక్క జల్లు పడితే దూది నల్లబడుతుందని ఊరంతా ఇళ్ల ముందు నిలబడి పైకి చూస్తోంది. అందరికీ గుండెదడ. మా తమ్ముడు ధనరాజ్ మాత్రం వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. అంతకు ముందు నాలుగు నెలలు ఆ దడ వాడొక్కడిదే.

అది తొంభై ఐదు. మా ఊళ్లోకి రంగుల టీవీ వచ్చింది, పక్కనున్న కోర్పనాలో ఫోన్ డబ్బా పెట్టారు, దారిమీద సిమెంటు లారీలు పెరిగాయి. వానాకాలం నడుమ ధనరాజ్ మంచమెక్కి గోడవైపు తిరిగాడు. కారణం కోసం ఊరు చాలా కష్టపడింది. పంట బాగుంది, ఎద్దులు బాగున్నాయి, భార్య చంద్రకళ మంచిది. కారణం దొరక్కపోయేసరికి ఊరికి కోపం వచ్చింది. మంత్రగాడు వచ్చి కోడిని తీసుకుపోయాడు. కోడి పోయింది, దడ పోలేదు. ఉన్నట్టుండి చేతులు వణికేవి, ఊపిరి ఆడేది కాదు, చస్తున్నానని నా మెడ పట్టుకునేవాడు. కొన్నాళ్లకు చస్తేనే బాగుండని అనడం మొదలుపెట్టాడు. చంద్రకళ పురుగుల మందు డబ్బా తెచ్చి మా ఇంట్లో దాచింది.

చంద్రపూర్‌లో డాక్టరు మరాఠీలో చెప్పాడు. ఇది జబ్బే, మాత్రలు మింగాలి, రోజూ చెమట పట్టేదాకా నడవాలి, వీలైతే పరుగెత్తాలి.

"చేన్ల పొద్దుందాక చెమటేగద సార్," అంది చంద్రకళ.

"చేన్లో ఉంటే చేను యాదికుంటది. దారిమీద ఏదీ యాదికుండొద్దు," అన్నాడాయన.

ఘుగ్గుస్‌లో తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను. మొదటిరోజు మైలురాయి దాకా పోయి వాంతి చేసుకున్నాడు. రెండోరోజు వాంతి మైలురాయి దాటాక అయింది. దాన్ని మేం నయమవడం కింద జమ కట్టుకున్నాం.

"బావా, నువ్వు సైకిల్ మీద ఎంబడి ఉండు. నీళ్లబాయి దిక్కు మళ్లితే పట్టుకో," అంది చంద్రకళ.

"మళ్లడు."

"మళ్లితే?"

అందుకని రెండు నెలలు వెంట తిరిగాను. వాడు ముందు, నేను వెనక. మాటల్లేవు. వెనకనుంచి మనిషి మడమలు చూస్తే చాలా తెలుస్తుంది. మొదట్లో ఈడ్చేవాడు. పత్తి విచ్చే నాటికి ఎత్తి వేస్తున్నాడు. రాత్రి నిద్ర పట్టిన రోజున ఎడమచెయ్యి వదులుగా ఊగేది, పట్టని రోజున పిడికిలి బిగిసి ఉండేది.

ఆ మబ్బు రోజున వాడు తిరగాల్సిన చోట తిరగలేదు.

"ఏడికిరా?"

"అక్క ఊరికి," అన్నాడు ఆగకుండా.

మా చెల్లెలు గౌరమ్మ ఊరు ఇంకో ఐదు కిలోమీటర్లు. ధనరాజ్‌కు ఆమె అక్క. ఆ ఊరి దగ్గరి వాగు మోరీ దాటాక నా సైకిల్ చెయిన్ తెగింది. అతకాలని చాలాసేపు కుస్తీ పట్టి తలెత్తి చూసేసరికి వాడు ఎప్పుడో మలుపు తిరిగిపోయాడు. మలుపు అవతల పాడుబడ్డ సున్నపురాయి క్వారీ గుంత ఉంది, నిండా నీళ్లతో.

సైకిల్ తోసుకుంటూ పరుగెత్తాను. నా జన్మలో అదే నా పరుగు. గుంత అంచున నిలబడి చూస్తే ఒక బర్రె మెడదాకా మునిగి నావైపు చూసింది. ఇంకేం లేదు. ఊపిరి తీసుకున్నానో లేదో గౌరమ్మ ఊరివైపు నుంచి ఏడుపులు వినిపించాయి. ఒకరిద్దరివి కావు, వాడకట్టంతా ఏడుస్తోంది. అయిపోయింది అనుకున్నాను. చంద్రకళకు ఏం చెప్పాలా అనుకుంటూ సైకిల్ తోశాను.

గౌరమ్మ ఇంటిముందు జనం. లోపల ఆమె రాగం తీస్తోంది.

"ఓ నా అన్నా, పండుగకొస్తే రెండు ముక్కలు మాట్లాడకపోతివి, పోయేటప్పుడన్న చెప్పకపోతివి. గా పిచ్చోని ఎంబడి సైకిల్ తొక్కి తొక్కి పానం ఇడిస్తివా అన్నా."

పక్కింటి ముసలమ్మ రాజమ్మ ముక్కు చీది అంది: "మంచోడే పాపం. ఉన్నప్పుడు గూడ ఉన్నట్టే తెల్వకపోయేది."

అప్పటికి అర్థమైంది, చచ్చింది నేనని.

ఫోన్లు వచ్చినా మా దిక్కు పెళ్లయిన మగవాడు దారిమీద పరుగెత్తాడంటే చావు కబురు తెస్తున్నాడనే లెక్క. కబురు విన్న ఇంట్లో వండింది పారబోస్తారు. ధనరాజ్ వాకిట్లోకి వచ్చి మోకాళ్లమీద చేతులు పెట్టుకుని వంగాడట. నోట మాట లేదు. గౌరమ్మ భయపడి "అన్న ఏడి?" అంది. వాడు వెనక్కి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇప్పట్లో రాడని వాడి ఉద్దేశం. గౌరమ్మ రొట్టెల గంప కుక్కలకు బోర్లించింది.

నేను సైకిల్ గోడకు ఆనించాను. రాజమ్మ ముందు చూసింది.

"గౌరమ్మా, ఏడ్సుడు ఆపు. పోయినోడు వచ్చిండు."

గౌరమ్మ బయటికి వచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "సావలేదా నువ్వు?" అంది. నావల్ల నష్టం జరిగినట్టే అడిగింది.

"చెయిన్ తెగింది," అన్నాను.

అరుగు పక్కన ఎవరో దగ్గుతున్నట్టు వినిపించింది. చూస్తే ధనరాజ్. గోడకు జారగిలబడి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నాలుగు నెలల్లో వాడి పళ్లు చూడటం అదే మొదలు. జనం అది పిచ్చి నవ్వో మంచి నవ్వో తేల్చుకోలేక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను వాడి ఎడమచెయ్యి చూశాను. వదులుగా ఉంది.

"ఎవలు సావకపోతే గట్లెందుకు ఉరికినవ్ర?" అని గౌరమ్మ వాడి మీద పడింది.

"నేను సావొద్దనే ఉరుకుతున్న అక్కా."

రాజమ్మే సర్దుకుంది. "మరి చేతిల చెంబన్న పట్టుకొని ఉరుకరాదు బిడ్డా. మేం ఇంకోటి అనుకుందుం."

ఆ రోజుతో అంతా తీరిందని చెప్పను. మరుసటేడు ఎడ్లను పూజించే పొలాల పండుగకు మళ్లీ రెండు రోజులు గోడవైపు తిరిగాడు. మూడో రోజు బూట్లు ఏవని అడిగాడు.

జనం పోయాక గౌరమ్మ మళ్లీ పిండి కలిపింది. ఆమె మొగుడు చిన్నయ్య నా సైకిల్ తిప్పి చూసి, కోర్పనా తీసుకుపోవాల్సిందేనన్నాడు. ధనరాజ్ నా పక్కన కూచున్నాడు.

"నువ్వెందుకు ఎంబడి వస్తున్నవో నాకు ఎరికే అన్నా."

నేను చేతికంటిన చెయిన్ గ్రీజు తుడుచుకున్నాను.

"ఇప్పుడు ఇంటికి ఒక్కన్నే పోత. నువ్వు చెయిన్ ఏయించుకొని రా."

చంద్రకళ గుర్తొచ్చింది. దారిలోని ఆ గుంత గుర్తొచ్చింది. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"తిని పో," అన్నాను.

పొయ్యి దగ్గరే నలుగురం కూచున్నాం. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిమిరప తొక్కు. ఇన్నాళ్లూ అరరొట్టెతో లేచేవాడు రెండోది తుంచాడు. గౌరమ్మ ఏదో అనబోతే చిన్నయ్య కళ్లతో వద్దన్నాడు. పెంకమీద రొట్టె పొంగింది. ధనరాజ్ తలెత్తకుండా పళ్లెం ముందుకు జరిపాడు. ఆమె వేసింది. అందరం తలలు వంచుకుని తింటూ ఉండిపోయాం.