నీలావతి మెస్సులో టర్కీ కాయ

"అక్కా, టర్కీ నుంచి ఒకాయన వస్తాండాడు. బట్టకు రంగేసే కొత్త మిషను బిగించేదానికి. నెల రోజులుంటాడు. మన కారం తినలేడంట. నువ్వే చూసుకోవల్ల," అన్నాడు మిల్లు సూపర్‌వైజర్ సురేష్.

"నా దగ్గరికే ఎందుకు పంపుతాండావు?" అని అడిగింది నీలావతి.

సురేష్ రోడ్డు అవతలి వైపు చూశాడు. హిందూపురం బయట ఆ మిల్లుల వరసలో ఉన్నవే రెండు మెస్సులు. ఒకటి నీలావతిది. రోడ్డుకు అవతల ఉన్నది యల్లక్కది. యల్లక్క మూడేళ్ళు నీలావతి దగ్గరే పని చేసి, గుత్తొంకాయా, వేరుశనగలతో నూరే చెనిక్కాయల ఊరిబిండి పచ్చడీ చేతికి రాగానే ఎదురుగా సొంతంగా పెట్టుకుంది. ఆ తర్వాతే నీలావతి మసాలా నూరే గదికి తలుపు పెట్టించింది. ఆమె లోపల ఉన్నంతసేపూ ఆ తలుపు మూసే ఉంటుంది. సొంత కూతురు హరిత అయినా తట్టి రావాల్సిందే.

వచ్చినాయన పేరు ఒర్హాన్. యాభై దాటి ఉంటాయి. భారీ మనిషి, నెరిసిన మీసం, మాట తక్కువ. కొంచెం ఇంగ్లీషు వచ్చు. హరిత ఆ మిల్లు ఆఫీసులోనే పని చేస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చి, ఆయన మాట తల్లికీ తల్లి మాట ఆయనకూ చెప్పేది. మొదట్లో ఆయన పెరుగన్నం, అరటిపండు తప్ప ఏమీ ముట్టలేదు. సంగటి ముద్దను వేలితో నొక్కి చూసి పక్కన పెట్టాడు.

తర్వాత ఒకరోజు సంచీతో వచ్చాడు. దాంట్లో క్యాప్సికం, టమోటాలు, బియ్యం, ఒక గాజు సీసా నిండా ఎర్రటి ముద్ద.

"అమ్మా, ఈరోజు తానే వండుకుంటాడంట. పొయ్యి ఇస్తావా అని అడగతాండాడు," అంది హరిత.

నీలావతి సీసా మీదనుంచి చూపు తిప్పలేదు. "దాంట్లో ఏముండాది?"

"మిరపకాయల ముద్దంట."

"మిరపకాయలైతే మరి కారం తినలేనని ఎట్ల చెప్పినాడు?"

హరిత సీసా మీది అక్షరాలను ఫోనుతో చదివించింది. మిరపకాయలు, ఉప్పు, అంతే. నీలావతి మూత తీయించి వాసన చూసి, చిటికెన వేలితో కొంచెం నాలిక మీద పెట్టుకుంది. కారం లేదు. ఎండలో ఎండిన వాసన ఉంది. కారం లేని మిరపకాయను ఇంత దూరం ఎవరైనా మోసుకొస్తారా? ఆమెకు అనుమానం తీరలేదు గానీ పొయ్యి వదిలింది. వదిలి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది.

ఆయన ఉల్లిపాయలు వేయించి, బియ్యం, టమోటా, ఆ ఎర్ర ముద్ద, ఎండిన పుదీనా కలిపాడు. క్యాప్సికం తొడిమలు కోసి, గింజలు దులిపి, నిండా కూరకుండా ముప్పావు వరకే నింపాడు. గిన్నెలో నిలువుగా పేర్చి, నీళ్ళు పోసి, అవి పైకి లేవకుండా ఒక ప్లేటు బోర్లించి సన్న మంట పెట్టాడు. ఉడికాక పెరుగులో వెల్లుల్లి దంచి వేసి, ఆ పెరుగు పక్కన పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

"డోల్మా అంటారంట. నింపినది అని అర్థమంట," అంది హరిత.

నీలావతి తిని, "జరమొచ్చినోళ్ళకు పెట్టేట్టు ఉండాది," అంది. అయినా రెండోది కూడా తినింది.

ఆ రోజునుంచి ఆయన వంటింట్లోకి రావడం మామూలైంది. వచ్చి ఊరికే కూర్చోడు. ఫోను తీసి పొయ్యి మీది కూర ఫోటో తీస్తాడు. ఆమె వంకాయలకు గాట్లు పెడుతుంటే చేతుల ఫోటో తీస్తాడు. ఒకసారి ఆమె నూరే గదిలోంచి వచ్చేసరికి మూసిన తలుపుకు ఎదురుగా నిలబడి గట్టిగా వాసన పీలుస్తున్నాడు. మర్నాడు నీలావతి మసాలా డబ్బాల మీద గుడ్డ కప్పింది.

అట్లాగని ఆమె ఊరికే లేదు. ఆయన డోల్మా ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒక శుక్రవారం ఆయన మిల్లులో ఉన్నప్పుడు తానే చేసి చూసింది. ఆ సీసా తనకు దొరికేది కాదు. దాని బదులు బ్యాడిగి మిరపకాయలు నానబెట్టి రుబ్బింది. అవి ఎరుపెక్కువ, కారం తక్కువ. బియ్యం బదులు కొర్రలు పోసింది. ఎండు పుదీనా ఎవరికి కావాలని పచ్చిదే కోసి వేసింది. అప్పటికీ చప్పగానే అనిపించి, వేయించిన చెనిక్కాయల పొడి, కొంచెం చింతపండు పులుసు కలిపింది. పెరుగు తీసేసింది. శనివారం దాన్ని 'టర్కీ కాయ' అని బోర్డు మీద రాయించింది.

మిల్లు వాచ్‌మన్ హనుమప్ప ప్లేటు ముందు పెట్టుకుని కదల్లేదు.

"ఏమప్పా, తినకుండా చూస్తాండావు?"

"నీలక్కా, టర్కీ అంటే ఆ పెద్ద కోడి కదా. ఈరోజు శనివారం. నేను నీసు ముట్టను."

"దాంట్లో కోడి లేదప్పా. అది దేశం పేరు."

"దేశం పేరైతే కాయకు ఎందుకు పెట్టినావు?"

నీలావతి అతని ముందే ఒక కాయను రెండుగా చీల్చి చూపించింది. హనుమప్ప కొర్రల్ని వేలితో కెలికి, వాసన చూసి, పక్కవాడు తినేదాకా ఆగి, అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకటి అడిగాడు. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ.

ఒర్హాన్‌కు ఒకటి దాచి ఉంచింది. ఆయన బోర్డు వైపు చూశాడు, ప్లేటు వైపు చూశాడు. మెల్లగా నమిలాడు. ఒక్కటే మాట అన్నాడు.

"ఏమన్నాడే?"

హరిత తల్లి వైపు తిరిగింది. "ఇది డోల్మా కాదంట."

"కాకపోతే కాకపోనీ. తినేటోళ్ళకు లేని బాధ ఆయనకెందుకు?" అని నీలావతి ప్లేటు లాగేసుకోబోయింది. అప్పటికి అది ఖాళీ అయి ఉంది.

పది రోజులు తిరగకముందే యల్లక్క మెస్సు ముందు కూడా బోర్డు పడింది. 'టర్కీ బజ్జీ'. క్యాప్సికంలో ఉడికించి చిదిమిన ఉర్లగడ్డ కూర కూరి, శనగపిండిలో ముంచి, నూనెలో వేయిస్తోంది. సాయంత్రం షిఫ్టు వదలగానే జనమంతా ఆ పక్కకే. కొందరైతే అసలైన టర్కీ వంట యల్లక్కదేనని కూడా అంటున్నారట.

నీలావతి గుమ్మంలో నిలబడి చూసింది. "ఆయనే చెప్పినాడు," అంది.

"ఆయన ఆ పక్కకే పోలేదు కదమ్మా. క్యాప్సికంలో ఏదో ఒకటి కూరాలని చూస్తే తెలీదా? యల్లక్కకు ఒకరు చెప్పల్నా?" అంది హరిత.

"నీకేం తెలుసు. ఇన్ని ఫోటోలు ఎవరికోసం తీస్తాండాడు మరి?"

ఆ మాట హరితనూ కొంచెం గుచ్చింది. ఎందుకంటే తను ఇంకో పని చేసి ఉంది. ధర్మవరంలో మా మామ పట్టుచీరలు నేస్తాడు, ఆదివారం చూపిస్తానని ఆయనకు మాట ఇచ్చేసింది.

ధర్మవరం మామ అంటే నీలావతి అన్న వెంకటస్వామి. రెండేళ్ళ కిందట ఒక మనిషి కూతురి పెళ్ళికి చీర కావాలని వచ్చి, మగ్గం మీది కొంగును ఫోటో తీసుకుని పోయాడు. మూడు నెలలకల్లా అదే నెమలి, అదే తీగ, పవర్‌లూమ్ చీర మీద బజారులోకి వచ్చింది. తాను నేసిన కొంగు అంగట్లో వేలాడుతుంటే వెంకటస్వామి కళ్ళారా చూశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లోకి కొత్తవాళ్ళెవరినీ రానివ్వలేదు.

ఆ రాత్రి హరిత సంగతి బయటపెట్టగానే నీలావతి అన్నకు ఫోను చేసి విషయం చెప్పింది.

"మిషన్లోడా?" అన్నాడు వెంకటస్వామి. "పాప మాటిచ్చింది కాబట్టి పిలుచుకొని రా. మగ్గానికి ముసుగేసి పెడతా. రిపేరులో ఉండాదని చెప్తా."

ఆదివారం ముగ్గురూ రైలెక్కారు. పెనుకొండ దగ్గర కొండ కనిపించగానే ఒర్హాన్ కిటికీలోంచి చూసి, పైన ఏముందని అడిగాడు. కోట ఉందని హరిత చెప్పింది. ఎవరు కట్టారు, ఎప్పుడు, దారి ఉందా అని మళ్ళీ అడిగాడు. ఈయన అన్నీ ఎందుకిట్లా ఆరా తీస్తాడని నీలావతి కొంగు భుజం చుట్టూ లాక్కుని ఇంకో పక్కకు తిరిగింది.

ధర్మవరంలో ఇల్లు చిన్నది. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు. మగ్గం నిండా రెండు పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. వెంకటస్వామి నమస్కారం పెట్టి, "రిపేరులో ఉండాది," అన్నాడు. హరిత అదే ఇంగ్లీషులో చెప్పింది.

ఒర్హాన్ ముప్పై ఏళ్ళుగా నేత మిల్లుల్లోనే బతికినవాడు. దుప్పటి అంచు కింద, నేసేటప్పుడు కాళ్ళు పెట్టే గుంతలో, తొక్కుడు చెక్కలు ఆడి ఆడి మెరుస్తున్నాయి. గట్టు మీద అప్పుడే చుట్టిన తడి పట్టుదారపు కండెలు ఉన్నాయి. మగ్గం నడుస్తున్నదేనని ఆయనకు తెలిసిపోయింది, అయినా సరేనన్నట్టు తలూపాడు. వెంకటస్వామి భార్య సరోజమ్మ భోజనానికి చాప పరచగానే, మగ్గానికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చున్నాడు. అట్లా కూర్చోవడం ఆయనకు ఇరుకైంది. అయినా తిరగలేదు.

సరోజమ్మ వడ్డిస్తోంది. నీలావతి ఇక ఆగలేకపోయింది.

"అడగవే ఆయన్ని. నా వంటింట్లో ఫోటోలు ఎవరికోసం తీస్తాండాడో. యల్లక్కకు చెప్పింది తానేనో కాదో."

హరిత మెత్తగా మార్చి అడగబోయింది. ఒర్హాన్‌కు నీలావతి గొంతును బట్టే విషయం తెలిసిపోయినట్టుంది. ఎడమ చేత్తో ఫోను తీసి, తెరిచి, నీలావతి ముందు పెట్టాడు.

అన్నీ ఆమె వంటింటి ఫోటోలే. ఆమె చేతులు, వంకాయలు, నూనె తేలిన కూర, మూసిన తలుపు. అన్నీ ఒకే మనిషికి పంపాడు. అవతలినుంచి కూడా ఫోటోలు వచ్చాయి. ఒక పెద్ద పళ్ళెంలో గాట్లు పెట్టిన వంకాయలు, పైన కొత్తిమీర లాంటి ఆకు, పక్కన రొట్టె. వెనక బల్లల దగ్గర మిల్లు బట్టలతో మనుషులు కూర్చుని తింటున్నారు.

"ఈమె ఎవరు?"

"ఆయన చెల్లెలంట. నెస్రిన్. వాళ్ళూర్లో మిల్లు పక్కన నీలాగే మెస్సు నడుపుతాదంట. నీ గుత్తొంకాయ చూసి చేసిందంట. వారానికి రెండ్రోజులు పెడతాండాదంట. యల్లక్క ఎవరో ఆయనకు తెలీదంట."

"చూసినావా," అన్నాడు వెంకటస్వామి. "ఫోటో తీసినోళ్ళు చేసేది ఇదే."

నీలావతి ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "చెనిక్కాయలు వేసిందా దీంట్లో?"

"లేదంట. వాల్‌నట్స్ అంట. చింతపండు దొరక్క దానిమ్మ పులుసు పోసిందంట."

"రసం యాడికి పోయింది? పొడి పొడిగా ఉండాది. ఇది గుత్తొంకాయ కాదు."

హరిత ఆ మాట చెప్పాక ఒర్హాన్ మీసం కింద నవ్వాడు. డోల్మా గురించి ఆయనన్న మాటే తానూ అన్నదని నీలావతికి అర్థమైంది. "నేను చేసింది వేరే," అంది. ఎట్లా వేరో చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పలేకపోయేది.

ఒర్హాన్ వెంకటస్వామి వైపు తల మాత్రం తిప్పి నెమ్మదిగా ఏదో అన్నాడు.

"మగ్గం కప్పి మంచి పని చేసినావంట మామా. తానైతే తలుపు కూడా వేసేవాడంట."

వెంకటస్వామి నవ్వలేదు. దుప్పట్లు తీయనూ లేదు. మగ్గం వైపు తిరగకుండా కూర్చున్న ఆయన వీపు చూసి, భార్యతో, "ఆయనకు ఇంకో ముద్ద పెట్టు," అన్నాడు.

ఆ సోమవారం నీలావతి తానే ఒర్హాన్‌ను పొయ్యి దగ్గరికి పిలిచింది. చెల్లెలికి సరిగ్గా చెప్పమని, ఒక్కొక్కటి చేతిలో పోసి చూపించింది. చెనిక్కాయలు, నువ్వులు, ఎండు కొబ్బరి, ధనియాలు, శనగపప్పు. ఏది ఎంతసేపు వేయించాలో, చింతపండు ఎప్పుడు పోయాలో చెప్పింది. కాడ కోయొద్దని, కోస్తే కాయ విడిపోతుందని రెండుసార్లు చెప్పింది. వేయించిన మెంతుల పొడి మాత్రం చెప్పలేదు. అది చిటికెడే. ఆ చిటికెడు యల్లక్కకూ తెలియదు.

ఆయన వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం నెస్రిన్ వీడియో కాల్ చేసింది. తలకు గుడ్డ కట్టుకున్న, అన్నలాగే భారీగా ఉన్న మనిషి. బాణలి దగ్గరికి ఫోను పట్టి చూపించింది. కాడలు ఉన్నాయి. రసం ఉంది. అంచుల్లో నూనె తేలింది. నీలావతి లోలోపల మెచ్చుకుంది. నెస్రిన్ ఒక ముక్క రొట్టెతో అద్దుకుని తిని, కళ్ళు చిన్నవి చేసి, ఇంకోసారి తిని ఏదో అంది.

ఒర్హాన్ ఇంగ్లీషులో చెప్పాడు. హరిత తల్లి వైపు చూసింది.

"ఏదో ఒకటి తక్కువైందంటాండాది అమ్మా. ఆమెకు అంతు చిక్కలేదంట."

నీలావతి గరిటె కడిగి పక్కన పెట్టింది.

"నీళ్ళు వేరే కదా. యాడి నీళ్ళకు ఆడి రుచి. అట్లని చెప్పు."

హరిత అట్లాగే చెప్పింది. నెస్రిన్ నమ్మినట్టే తలూపింది. ఒర్హాన్ ఊపలేదు. వరసగా పేర్చిన డబ్బాలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. నీలావతి రెండడుగులు పక్కకు జరిగి, మెంతుల డబ్బాకు అడ్డంగా నిలబడింది.