ఇల్లంతా ఒకసారి చూపించు

శుక్రవారం పూట అరవై మందికి పులిహోర కలపడమంటే మాటలు కాదు. "ఉప్పు చూసుకో భానూ, పోయినసారి నా పరువు పోయింది" అన్నారు మా ఆయన స్నానానికి వెళ్తూ. ఆడవాళ్ళ మీద హింస మానుకోమని ఈ ఎడారి దేశపు లేబర్ క్యాంపుల్లో ఉండే మన తెలుగు మగవాళ్ళకి చెప్పే సభ అది. మా ఆయన కామేశ్వరరావు ఇక్కడి తెలుగు అసోసియేషన్‌లో పెద్దమనిషి. ఉపన్యాసం రాసింది నేను, అద్దం ముందు చదువుకున్నది ఆయన. ఐన్ ఖాలిద్‌లో మా ఇంటి నుంచి ఏషియన్ టౌన్ హాలు దాకా కారులో వేడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఉపన్యాసంలో కొట్టడం ఒక్కటే హింస కాదన్న వాక్యానికి చప్పట్లు బాగా పడ్డాయి. అప్పుడు వెనక వరసలోంచి నర్సింలు లేచాడు. సైట్లో తాపీ పని చేస్తాడు.

"సార్, నేను డ్యూటీ నడుమ దినాం ఇంటికి వీడియో కాల్ జేస్త. ఎవలున్నరు, ఇల్లంత తిప్పి సూపియ్ అంట. ఎత్తకపోతె తిడ్త. మొన్న మా బిడ్డ అన్నది, 'బాపూ, నీ ఫోన్ మోగంగనే అమ్మ వణుకుతది' అని. గిది గూడ కొట్టుడేనా సార్?"

"ముమ్మాటికీ హింసే నర్సింలూ! ఒప్పుకున్నావు చూడు, నువ్వు మగాడివి" అన్నారు మా ఆయన.

నా చేతిలో పేపరు ప్లేటు ఒరిగిపోయింది. నాకు పదకొండింటికొకసారి, మూడింటికొకసారి వస్తుంది ఆ కాల్, ఆయన ఆఫీసు నుంచి. "వంటింట్లోనే ఉన్నావా? ఫోన్ తిప్పు. బాల్కనీ కూడా." పన్నెండేళ్ళుగా తిప్పుతున్నాను. పరాయి దేశం కదా, నా మీద బెంగ కాబోలని మా అమ్మకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. స్నానానికి వెళ్ళినా ఫోన్ వెంట పట్టుకెళ్ళడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు. ఆ వాక్యం రాసిన చెయ్యి నాదే, రాస్తున్నప్పుడైనా తట్టలేదే నాకు!

"ఇంకా ఎవరైనా ఇలా చేస్తున్నారా? సిగ్గుపడకుండా చేతులెత్తండి" అన్నారాయన. ఒకటి, రెండు, చూస్తుండగానే తొమ్మిది చేతులు లేచాయి. మైకు పట్టుకున్న ఆయన చెయ్యి గుండెల దగ్గరే ఉంది.

ప్లేటు బల్ల మీద పెట్టి నేనూ చెయ్యెత్తాను.

ఆయన నవ్వారు. "నువ్వెందుకు భానూ? నేనడిగింది మగవాళ్ళని."

"మీ తరఫునండీ" అన్నాను. "మీ పనులన్నీ నేనే కదా చేసేది."