గడియలు తీసిన వీధి

ఆ వీధిలో తలుపులు సగానికి పైగా చిన్నోడి చేతిమీదుగా బిగిసినవే. పేరుకే చిన్నోడు గాని మనవలను ఎత్తుకున్నవాడు. అక్క ముద్దుగా పెట్టిన పిలుపు, జుట్టు నెరిసినా వదల్లేదు. వీధి వీధంతటికీ అతను వడ్రంగి చిన్నోడే.

వాళ్ళ చిన్నతనంలో ఇల్లంటే రెండే గదులు. ముందు గదిలో నాన్న పని, వెనక గదిలో మిగతా సంసారం. తినే పళ్ళేల్లో కూడా రంపపు పొట్టు పడుతుండేది. అంతమందిలో అక్కకి కాసేపు ఒంటరిగా కూర్చునే చోటంటూ లేదు. పని నేర్చుకున్నాక చిన్నోడు ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసిన మొదటి వస్తువు ఒక చెక్క గడియ. పెరటివైపు సామాన్ల కొట్టు తలుపుకి లోపల బిగించి, "ఇంక నీ ఇష్టం అక్కా" అన్నాడు. ఆ రోజు నుంచి అక్క బడి నుంచి రావడం, కొట్టులో దూరి గడియ పెట్టుకోవడం.

"లోపల ఏం చేస్తున్నావే?" అని అమ్మ కేకేసేది.

"ఏమీ చెయ్యట్లేదమ్మా!"

"ఏమీ చెయ్యకపోతే బయటికి రావచ్చుగా?"

"వస్తే ఏదో ఒక పని చెప్తావుగా!"

చిన్నోడు తలుపుకి చెవి ఆనించి వినేవాడు. అక్క రాగం తప్పిన పాటలు పాడుకునేది. తనలో తానే ఏదో చెప్పుకుని కిసుక్కున నవ్వేది. ఎన్నేళ్ళు గడిచినా ఆ నవ్వు గుర్తొస్తే చాలు, చిత్రిక పడుతున్న అతని చెయ్యి ఆగిపోయేది.

పెళ్ళయ్యాక అక్క అదే వీధి చివర కాపురం పెట్టింది. బావ పోయాక కూడా అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత కొత్త ప్రభుత్వం వచ్చింది. తప్పు చెయ్యనివాళ్ళకి గడియతో పనేమిటని ముందు గోడల మీద కాగితాలు అంటించారు. వెనకే ఉత్తర్వు దిగింది. ఏ ఇంటి తలుపుకీ లోపలివైపు గడియ ఉండకూడదు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఎప్పుడైనా తలుపు తోసుకుని రావచ్చు.

వార్డు అధికారి చిన్నోణ్ణి పిలిపించాడు. "బిగించింది నువ్వేగా, తియ్యడం కూడా నువ్వే చెయ్యి. కాదంటే మావాళ్ళు గునపాలతో వస్తారు" అన్నాడు.

గునపాలు పడితే తలుపులు చీలిపోతాయని చిన్నోడు మనసుకి నచ్చజెప్పుకున్నాడు. భయపడ్డాడన్నది అసలు మాట.

దర్జీ దంపతులు మధ్యాహ్నం పూట దుకాణం కట్టేసి, గడియ పెట్టుకుని కునుకు తీసేవారు. "కునుకేనా?" అని వీధంతా ముసిముసిగా నవ్వుకునేది. చిన్నోడు ఆ గడియ తీస్తుంటే దర్జీ భార్య గోడవైపు తిరిగి నిలబడింది. లెక్కల మాస్టారు గడియ బిగించుకుని వేణువు నేర్చుకుంటుండేవాడు. "తలుపేసుకుని ఊదాను కాబట్టి ఇన్నాళ్ళూ మీరంతా బతికిపోయారు" అని నవ్వబోయాడు పాపం, నవ్వు సగంలోనే చచ్చిపోయింది. ఇల్లిల్లూ తిరిగేసరికి గడియల సంచి బరువెక్కింది.

ఆఖరికి అక్క ఇల్లు మిగిలింది. ఆవిడే స్టూలు తెచ్చి వేసింది.

"ముందు చమురు వెయ్యరా. తలుపు చీల్చావంటే నీ వీపు చీరేస్తా."

"నన్ను తిట్టవే అక్కా."

"తిట్టానుగా ఇప్పుడే."

"ఆ తిట్టు కాదు."

గడియ ఊడిన చోట చెక్క లేతగా, ఎండ సోకని ఒంటిలా బయటపడింది. అక్క దాని మీద ఒక్కసారి వేలితో నిమిరి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వీధి వీధిలా లేదు. తనిఖీవాళ్ళు అన్నం దగ్గర ఉండగా వచ్చేవారు, పక్కమీద ఉండగా వచ్చేవారు. మొగుడూ పెళ్ళాలు ఆఫీసులో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దర్జీ కునుకు మానేశాడు. వేణువు మూలపడింది. అది మూగబోయాక గాని అది కూడా పాటేనని పక్కింటివాళ్ళకి తెలిసిరాలేదు.

అక్క పక్కింటికి అప్పుడే ఒక కొత్త కోడలు వచ్చింది. చీర మార్చుకోవాలన్నా వణికిపోయేది. ఒక ఉదయం ఆ పిల్ల ఏడుపు విని, అక్క తన పేముకుర్చీ ఈడ్చుకెళ్ళి వాళ్ళ గుమ్మానికి అడ్డంగా వేసుకుంది. ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. కాసేపటికి తనిఖీ అధికారి రానే వచ్చాడు. కుర్రవాడు, ఉద్యోగానికి కొత్త. చిన్నోడు ఎదురింటి కిటికీ బాగుచేస్తూ అంతా చూస్తున్నాడు.

"లేవండి పెద్దమ్మా, లోపల చూడాలి."

"చూద్దువుగానిలే బాబూ. పిల్ల స్నానం చేస్తోంది."

"ఉత్తర్వుంది."

"ఉత్తర్వులో గడియ వద్దన్నారు. కుర్చీ కూడా వద్దన్నారా?"

అధికారి కుర్చీ వంకా తలుపు వంకా చూశాడు.

"నిలబడితే కాళ్ళు లాగుతాయి. ఆ అరుగు మీద కూర్చో" అంది అక్క. అతను కూర్చున్నాడు. పిల్ల తల తుడుచుకుంటూ బయటికొచ్చేదాకా కూర్చునే ఉన్నాడు.

మర్నాడు దర్జీ ఇంటి ముందు లెక్కల మాస్టారు కుర్చీ వేశాడు. మాస్టారి గుమ్మంలో దర్జీ భార్య పీట వేసింది. ఒకరింటికి ఒకరు కాపు. చాలా కాలానికి మళ్ళీ మధ్యాహ్నం పూట వీధి ముసిముసిగా నవ్వుకుంది.

ఆ వారంలోనే జీపు వచ్చి అక్కని తీసుకుపోయింది.

చిన్నోడు వార్డు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఎక్కడుందో ఒక్కరూ చెప్పలేదు. ఎండలు ముదిరాక అక్క తనే నడిచి వచ్చింది, సగమైపోయి. ఏం చేశారని అడిగితే ఒక్కటే మాట అంది. "అక్కడ గదికి గడియ ఉందిరా. బయటివైపు."

అంతే, గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నోడు దుప్పటి కప్పాడు. పేముకుర్చీ తెచ్చి అక్క గుమ్మంలో వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆ కుర్ర అధికారే వచ్చాడు. చిన్నోడికి భయం పోలేదు. అయినా లేవలేదు.

"మా అక్క పడుకుంది" అన్నాడు.

"లే."

"లేవనండి."

అధికారి వీధి వైపు తిరిగి చూశాడు. ఆ కొస నుంచి ఈ కొసదాకా ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు. అందరూ అతన్నే చూస్తున్నారు. అతను టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "రేపొస్తాను" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. మరో వీధికి మార్చారని విన్నారు. తర్వాత వచ్చినవాళ్ళు గుమ్మం ముందు ఆగి దగ్గడం నేర్చుకున్నారు. ఆ ఉత్తర్వు ఎప్పుడు పోయిందో ఎవరికీ సరిగా గుర్తులేదు. గోడల మీద కాగితాలు వానకి నాని ఊడిపోయాయి, ప్రభుత్వం మారింది, అంతే.

అక్క తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. చిన్నోడు కూడా పని మానేశాడు, చేతులు వణుకుతున్నాయి. ఆ భయం రోజులు ఎవరికీ తిరిగి రాకూడదనుకుంటాడు గాని, వాటితోబాటు పోయినవీ ఉన్నాయి. గుమ్మాల్లో కూర్చుని ఈ కొస నుంచి ఆ కొసకి వేసుకున్న జోకులు, ఒకరి పిల్లలకి ఇంకొకరు తినిపించిన ముద్దలు, అందరి మీదా కేకలేసే అక్క గొంతు. ఇప్పుడు వీధిలో కొత్త మొహాలే ఎక్కువ.

సాయంత్రాలు కర్ర పట్టుకుని వీధి చివరివైపు నడుస్తాడు. అక్క ఉన్న ఇంట్లో ఎవరో అద్దెకుంటున్నారు. అక్కడికి రాగానే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. ఒకరోజు ఆ ఇంటావిడ బయటికొచ్చి, "ఎవరు కావాలి తాతా?" అని అడిగింది.

"ఎవరూ కాదమ్మా, ఊరికే" అన్నాడు.

"ఆయాసపడుతున్నారు, కాసిని నీళ్ళు తాగి వెళ్ళండి."

వద్దందామనుకున్నాడు. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళింది. చిన్నోడు అరుగు మీద కూర్చుని, నీళ్ళు వచ్చేదాకా వీధిని చూస్తూ ఉన్నాడు.