ఊరేగింపు క్రాపు

నా నోరు మంచిది కాదని వీధిలో అందరికీ తెలుసు. చేయి మంచిది కాబట్టి తిట్లు తింటూనే కుర్రాళ్ళు నా సెలూన్‌కి వస్తారు. షాపు పైనున్న రెండు గదుల్లో నేనూ, పోయిన మా అక్క పిల్లలిద్దరూ ఉంటాం. పెద్దది బట్టల ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద రెండో షిఫ్టు పనిచేస్తుంది. చిన్నవాణ్ణి అందరూ బుడ్డోడంటారు. కాలేజీకి వెళ్తున్నాడు, నాకంటే జానెడు పొడుగు, అయినా బుడ్డోడే.

ఫ్యాక్టరీ ఊరికి ఆ చివర. మా వీధి మలుపులో ఉన్న డిపో నుంచే అక్కడికి బస్సులు. ఆ డిపో అమ్మించేసి దుకాణాల భవనం కట్టిస్తానని వార్డు మెంబరు బాహాటంగానే చెప్పాడు. డిపో పోతే రెండో షిఫ్టు వాళ్ళకి ఇంటికొచ్చే దారి లేదు. ఫ్యాక్టరీ హాస్టల్లో చేరాలి, లేకపోతే పని మానుకోవాలి. మా అమ్మాయి ఆ రెండూ చెయ్యనంది. వార్డు ఎన్నికల్లో ఆ మెంబరు మీద తనే నిలబడింది.

"నువ్వా? నీకు మైకు పట్టుకోవడమే రాదు కదే!" అన్నాను.

"కాజా కుట్టడం కూడా పుట్టగానే రాలేదు మామయ్యా," అంది.

కుర్రకారంతా తన వెనకే ఉన్నారు. వాళ్ళ కాలేజీకీ ఆ బస్సులే మరి. బుడ్డోడు గోడలకి పోస్టర్లు అంటించాడు, ఫోన్లో వీడియోలు పెట్టాడు. వాటికొచ్చిన లైకులు చూస్తే అవతలివాడికి డిపాజిట్టు కూడా దక్కదనిపించింది. నాకూ ఆశ పుట్టింది. ఆ వారమంతా నేనెవర్నీ తిట్టలేదు.

ఓట్ల రోజు అందరికీ సెలవు. బుడ్డోడు అవతలి సందుల్లో కుర్రాళ్ళని లేపి బడికి తీసుకొస్తానని పొద్దున్నే బయల్దేరాడు. ఓట్లు వేసేది ఆ బడిలోనే. నేను ఓటేసి వచ్చేసరికి షాపు ముందు గుంపు. షట్టరు ఎత్తగానే బెంచీ నిండింది, గుమ్మం నిండింది. ఒక్కడి వేలి మీదా సిరా లేదు.

"ఏంట్రా, బడికి దారి మర్చిపోయారా?" అన్నాను.

"వెళ్తాం బాబాయ్, ముందు క్రాపు," అన్నాడు కుర్చీ ఎక్కిన గిరజాల జుట్టువాడు. "రేపు లెక్కింపు అవ్వగానే అక్క ఊరేగింపు. వీడియో తీస్తున్నాం. ఈ బుర్రతో ఎలా కనపడమంటావు?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వరస. "గెలిచేది ఓట్లతోరా, సైడు లాకులతో కాదు. వేసి రండి. మీ వంతులు నేను గుర్తుపెట్టుకుంటాను," అన్నాను.

ఒక్కడూ లేవలేదు. మా షాపులో ఎప్పట్నుంచో ఒకటే చట్టం, బెంచీ దిగినవాడి వంతు పోయినట్టే. గొడవలు పడలేక నేనే పెట్టాను. ఇప్పుడు నేనే కాదన్నా నమ్మేవాడు లేడు.

"నువ్వు లేస్తే నేనూ లేస్తా," అన్నాడొకడు పక్కవాడితో.

"మనం వెయ్యకపోయినా అక్క గెలుస్తుందిరా. అందరూ వేస్తున్నారుగా," అన్నాడు పక్కవాడు.

"ఎవర్రా ఆ అందరూ? అందరూ ఇక్కడే ఏడ్చారు కదా!" అని అరిచాను. జోకేశాననుకుని నవ్వారు.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. మధ్యాహ్నమయ్యేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు కుర్చీలో ఉన్నవాడికి ఒక వైపే అయింది. అలాగే లేపి, అందర్నీ బయటికి తోసి, షట్టరు దించేశాను. వేలికి సిరాతో వస్తే తెరుస్తానన్నాను.

బడి వైపు వెళ్తారనుకున్నాను. గుంపంతా పక్క వీధిలో కొత్తగా పెట్టిన అద్దాల సెలూన్ వైపు మళ్ళింది. అక్కడ ఏసీ ఉంది, తిట్టేవాడు లేడు. వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాను. లోపల పాటలు పెద్దగా పెట్టారు.

బడి దగ్గర ముసలాళ్ళు మాత్రం కర్రలు పట్టుకుని నింపాదిగా వెళ్ళొస్తున్నారు. వాళ్ళకి బస్సుతో పనిలేదు. దుకాణాలొస్తే మందులు దగ్గర్లో దొరుకుతాయని వాళ్ళ ఆశ. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, షాపులో బెంచీ మీద కూలబడింది.

"కుర్రాళ్ళెవరూ రాలేదు మామయ్యా. నీకెక్కడైనా కనపడ్డారా?" అంది. మడతపెట్టి ఉన్న తువ్వాళ్ళే మళ్ళీ మడతపెట్టాను.

అప్పుడొచ్చాడు బుడ్డోడు, ఈల వేసుకుంటూ. పుట్టినప్పటినుంచీ వాడి తల మీద నా కత్తెర తప్ప ఇంకోటి పడలేదు. మెడ వెనక గీత చూడగానే అది నా చేయి కాదని తెలిసిపోయింది. చెవి పైన మిషనుతో ఒక మెరుపు కూడా గీయించుకున్నాడు.

"చేతులు చూపించరా," అన్నాను. జేబుల్లోంచి తియ్యలేదు.

"లైను పెద్దదిగా ఉంది మామయ్యా."

"బడి దగ్గరా?"

"కాదు, సెలూన్లో. నాదయ్యేసరికి బడి గేటు మూసేశారు. ఒక్క ఓటుకేం కాదులే. వీడియోలో అక్క పక్కన నేను బాగుండాలి కదా!"

చెయ్యెత్తాను. మా అమ్మాయి ఆపింది. తమ్ముడి తల తన వైపు తిప్పుకుని, ఆ మెరుపు గీత మీద వేలు పెట్టి చూసింది. "బాగుందిరా," అంది. వాడు నిజమేననుకుని అద్దంలో చూసుకున్నాడు.

మర్నాడు ఓడిపోయింది. ఆ అద్దాల సెలూన్లో ఉన్నవాళ్ళు లేచి వెళ్ళుంటే సరిపోయేంత తేడా. ఊరేగింపు అవతలివాడిది జరిగింది, మా వీధిలోంచే. కొత్త క్రాపులు వృథా ఎందుకని మావాళ్ళు కొందరు అందులో నిలబడి వీడియో తీసుకున్నారు.

వానలు మొదలయ్యేలోగా డిపో గేటుకి తాళం పడింది. ఆ వారమే గిరజాలవాడు క్రాపుకొచ్చాడు.

"ఏం మనుషులు బాబాయ్ వీళ్ళు! బస్సులు తీసేస్తే చదువుకునేవాళ్ళేం కావాలి? ఎవడొచ్చినా ఇంతే. అందుకే నాకు ఓటంటే నమ్మకం లేదు," అన్నాడు.

తల వంచమని చెప్పి కత్తిరించాను.

మా అమ్మాయి హాస్టల్లో చేరే రోజు పెట్టె బుడ్డోడు మోశాడు. ముగ్గురం పెద్దరోడ్డు దాకా నడిచాం. ఆటో కోసం నిలబడ్డప్పుడు వాడు తల దించుకుని, "వచ్చేసారి తప్పకుండా వేస్తానక్కా, ఒట్టు," అన్నాడు.

"ఎవరికిరా? హాస్టల్ వేరే వార్డు. నా ఓటు కూడా అక్కడికే మారుస్తారట," అంది.

ఆటో వచ్చింది. పెట్టె ఎక్కించాం. ఏదో ఒక మంచిమాట అనాలని, "పోనీలే తల్లీ, అక్కడైనా ఓటెయ్యడం మానకు," అన్నాను.

"ఆ రోజు షిఫ్టు ఉంటుందేమో మామయ్యా," అంది, చీర కుచ్చిళ్ళు లోపలికి లాక్కుంటూ.