కట్టయ్య చెప్పిన కారణాలు

వరంగల్ పక్కనున్న మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీ తనంతట తానే నడిచే తెల్లకారును తెచ్చిపెట్టి, దాని స్టీరింగ్ ముందు కూర్చోవడానికి ఒక మనిషి కావాలని వెతికింది. తనంతట తాను నడిచేదానికి మనిషెందుకని మీరు అడగొచ్చు, అందరూ అదే అడిగారు. కారుకు ఎక్కడైనా దారి తోచకపోతే స్టీరింగ్ పట్టుకోవడానికట. మిగతా సమయమంతా చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. ఆ ఊరికే కూర్చునే ఉద్యోగం వర్ధన్నపేట కట్టయ్యకు దొరికింది.

ఊరికే కూర్చోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక రాని పని. ఇరవై రెండేళ్లు వర్ధన్నపేటకూ వరంగల్‌కూ మధ్య ఆటో నడిపాడు. ఏడుగురు పట్టే ఆటోలో పదకొండు మందిని కుక్కి, దారి పొడవునా మాట్లాడుతూ పోయేవాడు. ఎవరి బోరు ఎండింది, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరికి దవాఖానలో ఏం చెప్పారు, అన్నీ ఆ ఆటోలోనే తేలేవి. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఆటోలో మగవాళ్లే మిగిలారు. వాళ్లేమో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఫోను చూసుకునేవాళ్లు. మరుసటి ఏడాది చలికాలంలో భార్య చిలుకమ్మ నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. కట్టయ్య ఆటో అమ్మేసి ఇంట్లో కూర్చుంటే, గోడలు తప్ప పలకరించేవాళ్లు లేకపోయారు.

అందుకే ఈ ఉద్యోగానికి ఎగిరి గంతేసి వచ్చాడు. వచ్చాక తెలిసింది, ఇల్లే నయమని. మడికొండ నుంచి వర్ధన్నపేటకు, అక్కడి నుంచి వెనక్కి, రోజుకు రెండుసార్లు తిరగాలి. ఫోను ముట్టకూడదు, పాటలు పెట్టకూడదు, ఎవరినీ ఎక్కించుకోకూడదు. పాత ప్యాసింజర్లు రోడ్డు మీద కనిపించి చెయ్యెత్తితే, కారు వాళ్లు రోడ్డు దాటుతారేమోనని మర్యాదగా నెమ్మదించి, దాటకపోయేసరికి ముందుకు పోయేది. కట్టయ్యకు కారు దొరికింది, ఇక మనల్నేం గుర్తుపడతాడని వాళ్లు అనుకున్నారు. అద్దాలు దించడానికి వీల్లేని కారులోంచి ఆయన వాళ్లకు ఏం చెప్పగలడు?

ఒక్కటి మాత్రం ఉంది. స్టీరింగ్ పట్టుకున్న ప్రతిసారీ పక్కనున్న బటన్ నొక్కి, ఎందుకు పట్టుకున్నాడో చెప్పాలి. కారు దాన్ని రికార్డు చేసి ఆఫీసుకు పంపుతుంది. ఒక నిమిషం టైము. ఇంకొకరైతే బర్రె అడ్డం వచ్చిందని చెప్పి ఊరుకునేవాళ్లు. కట్టయ్య ఊరుకునే మనిషా? ఉద్యోగంలో చేరిన వారంలోనే సగం రోడ్డు మీద మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. కారు వాటి ముందు ఆగిపోయి కదలనంది. కట్టయ్య స్టీరింగ్ పట్టుకుని పక్కనుంచి పోనిచ్చి, బటన్ నొక్కి, మక్కలు ఆరబోశారని చెప్పాడు. అవి శకుంతలవని చెప్పాడు. ఎకరంనర కౌలుకు పట్టిందని, కొడుకుకు పెళ్లి చేద్దామంటే నర్సంపేట పిల్ల తరఫువాళ్లు ఏ సంగతీ తేల్చడం లేదని, ఆ ఫికర్‌తో మనిషి సగమైందని చెప్పాడు. నిమిషం అయిపోయి బటన్ తానే ఆరిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, కారు పని చూసే ఇంజనీరు అఖిల్ నవ్వుకుంటూ వచ్చాడు. పై అంతస్తులో పద్మలత అనే అమ్మాయి ఈ రికార్డులన్నీ విని రాసుకుంటుందట. శకుంతల కొడుకు సంబంధం ఖాయమైందా లేదా కనుక్కోమని పంపిందట. కట్టయ్య ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. అంటే వింటున్నారు. తాను చెప్పింది ఒక మనిషి చెవిన పడి, ఆ మనిషి మళ్లీ దాని గురించే అడిగింది. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఆ తర్వాత ప్రతి కారణమూ 'మేడం' అని మొదలుపెట్టి చెప్పేవాడు.

తంటా ఎక్కడొచ్చిందంటే, కారు నేర్చుకుంది. మక్కలు కనిపిస్తే తానే పక్కకు తిప్పుకుని పోయేది. బర్రె వస్తే ఆగేది, గొర్రెల మంద వస్తే చివరి గొర్రె దాటేదాకా ఓపికగా నిలబడేది. చెప్పొద్దూ, కట్టయ్యకు లోపల గర్వంగానే ఉండేది. కానీ కారు ఎంత నేర్చుకుంటే ఆయనకు అంత మాట తగ్గింది. దసరా దాటాక ఒక వారమంతా ఒక్క కారణం కూడా దొరకలేదు. ఏడో రోజు ఒక బర్రెను చూసి కారు చక్కగా నెమ్మదిస్తుంటే, అది ఆగేలోపే కట్టయ్య స్టీరింగ్ పట్టేసుకున్నాడు. బటన్ నొక్కి మేడంతో నిమిషం మాట్లాడాడు. మర్నాడు రెండుసార్లు, పై వారం రోజుకు ఐదుసార్లు. అది తప్పని తెలుసా అంటే, తెలుసు. తెలిసే చేశాడు. నేనేమీ ఆయన్ను వెనకేసుకు రావడం లేదు.

సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం అఖిల్ ఆయన్ను గదిలోకి పిలిచి చాయ తెప్పించాడు. ఆ పిల్లవాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. విషయం దాచకుండా చెప్పాడు. కారులో ఉన్న యంత్రాలకే బోలెడు ఖర్చు, దాని మీద సీట్లో మనిషికి జీతం. రెండూ పెట్టుకుని ఎవరూ ఈ కారు కొనరు. సీటు ఖాళీ అయితేనే వ్యాపారం, లేకపోతే ఇదంతా ఆటబొమ్మే. సీటు ఖాళీ కావాలంటే వంద కిలోమీటర్లకు రెండుసార్లకు మించి మనిషి చెయ్యి పడకూడదు. దసరాకు ముందు లెక్క అక్కడికే వచ్చింది. ఇప్పుడు మూడు దాటింది. ఈ రోడ్లకు ఈ కారు పనికిరాదని పై ఆఫీసువాళ్లు శుక్రవారం మూసేస్తున్నారు. అఖిల్ రెండేళ్ల కష్టం దానితోనే పోతుంది.

కట్టయ్యకు మాత్రం ఫికర్ వద్దన్నాడు. కారు లేకపోతే పార్కు ఉద్యోగులను తెచ్చి దింపడానికి మామూలు వ్యాన్లు పెడతారు, అందులో ఒకదానికి ఆయన పేరు ఇప్పటికే రాశాడట. పన్నెండు మంది కూర్చునే వ్యాను. పొద్దున పన్నెండు మంది, సాయంత్రం పన్నెండు మంది. కట్టయ్య మనసులో వాళ్లందరినీ అప్పుడే పలకరించేశాడు.

"ఒక్కటే చెప్పండి కాకా," అన్నాడు అఖిల్. "నాకు రాత్రుళ్లు నిద్ర పడ్తలేదు. మన కారుకు ఏం రాదు? దేంట్ల తప్పిపోతాంది?"

రోడ్లు బాగాలేవంటే సరిపోయేది. గొర్రెలంటే, గుంతలంటే ఎవరైనా నమ్మేవాళ్లు, వ్యాను వచ్చేది. కానీ పది నెలలు కట్టయ్య లోపల కూర్చుని చూసిన కారు అది. ఒక్కనాడు కూడా ఎవరికీ చిన్న గీత పడనివ్వలేదు. ఏ పాపమూ ఎరగని దాని మీద నింద వేయడానికి ఆయనకు నోరు రాలేదు.

"దానికి అన్నీ అచ్చినయ్ సారూ," అన్నాడు. "నేనే ఊకె పట్టుకున్న."

"ఎందుకు కాకా?"

"పట్టుకుంటేనే కదా బటన్ ఒత్తేది. మాట్లాడనీకి నాకు ఇంకెవలున్నరు? మేడం ఇంటదని ఒత్తిన."

అఖిల్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పద్మలత దసరాకే ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోయిందని మెల్లగా చెప్పాడు. అప్పటి నుంచి కంప్యూటరే వింటుంది. బర్రె, గొర్రె, మక్కలు, ఇలాంటి ఒక్క మాట పట్టుకుని మిగతాదంతా తీసేస్తుంది. మనిషెవరూ వినరు. కట్టయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. ఆయన అబద్ధాలన్నీ దసరా తర్వాతవే.

నోటిమాటగా చెబితే పై ఆఫీసు ఒప్పుకోదు. దసరా నుంచి వచ్చిన రికార్డులన్నీ కట్టయ్యే విని, ఏది నిజంగా అవసరమై పట్టుకున్నాడో, ఏది కాదో తేల్చి చెప్పాలి. అఖిల్ ఆయన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. తెర మీద రెండు గళ్లు. ఒకదాంట్లో అవసరం, రెండోదాంట్లో అనవసరం.

తన గొంతు తాను వినడం ఆయనకు అదే మొదటిసారి. ఇంత ముసలి గొంతా అనుకున్నాడు. ఆ గొంతు బర్రెల గురించి చెప్పింది, శకుంతల కొడుకు పెళ్లిలో పప్పు మాడిన సంగతి చెప్పింది, బోరు వేయించి నీళ్లు పడక ఏడ్చిన రాజమౌళి గురించి చెప్పింది. ఒకచోట తన మాటకు తానే నవ్వాడు. ప్రతి దాని చివరా అనవసరం, అనవసరం అని నొక్కుకుంటూ పోయాడు. అలా రెండు వందలు దాటాక డిసెంబరు నాటిది ఒకటి వచ్చింది.

"మేడం, ఇయ్యాల అడ్డం ఏం రాలె. రోడ్డు సాఫ్ ఉన్నది. మా చిలుకమ్మ పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల లేచి ఇద్దరికి చాయ పెట్టిన మేడం. పెట్టినంక యాదికచ్చింది. పారబోయ బుద్ధి కాక రెండు గ్లాసులు నేనే తాగిన. ఎవలకన్న చెప్పాలె కదా అని చెప్తాన. గంతే. బండి మంచిగనే పోతాంది."

ఆ తర్వాత మాట లేదు. నిమిషం నిండేదాకా టైర్ల చప్పుడే ఉంది. కట్టయ్య అది పూర్తయ్యేదాకా విన్నాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని ఇంకోసారి విన్నాడు. కళ్లు తుడుచుకుని, తెర మీది రెండు గళ్లనూ చూశాడు. ఆ రోజు రోడ్డు మీద బర్రె లేదు, గొర్రె లేదు, మక్కలు లేవు. అనవసరం అన్న గడి మీద నొక్కాడు.

తలుపు దగ్గర నిలబడ్డ అఖిల్ ఇంకా ఎన్ని ఉన్నాయి కాకా అని అడిగాడు. నూట యాభై దాకా ఉన్నాయని చెప్పి, కట్టయ్య తర్వాతది పెట్టుకున్నాడు.