లేచిన ఎముక ముక్క

రెడ్యా పాలు కొన్నా గిన్నెలో వేలు ముంచి చూసే రకం. అలాంటివాడు బాన్సువాడ డాక్టరమ్మ వందన మాట మారిస్తే ఊరుకుంటాడా?

కూతురు వర్ష కాలువ కట్ట మీద సైకిల్ నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. కీలు లోపల ఎముకలను కట్టి ఉంచే నరం పిక్క ఎముక తలభాగం నుంచి చిన్న ముక్కను పైకి లాగింది. "రెండో రకం. ముందు అంచే లేచింది, ఎనక పట్టున్నది. కాలు చాపి పట్టీ ఏసి ఉంచితే అతుక్కుంటది" అన్నది వందన అప్పుడు. ఇవాళ కొత్త ఎక్స్‌రే చూసి మరో మాట చెప్పింది. "మూడో రకమైంది. ముక్క మొత్తం ఊడింది. ఆపరేషన్ చేసి కుట్టాలె. లేకుంటే కాలు పూర్తిగ చాపరాదు. పరుగు మర్చిపోవుడే."

పరుగు పందెంలో జిల్లా దాకా పోయిన పిల్ల! రెడ్యా గుండెల్లో రాయి పడింది. ఆ వెంటనే అనుమానం లేచింది.

"గీ ఫోటో మా పిల్లదేనా మేడం?"

"పేరున్నది సూడు."

"పేరెవలైనా రాస్తరు. గప్పుడు పట్టీ సాలన్నవు, గిప్పుడు కోస్తనంటున్నవు. గిదేం లెక్క? నడువు బిడ్డా, పెద్ద కొడప్‌గల్‌ల పసరు కట్టేటోడున్నడు."

వందన కోపం దిగమింగింది. "ఉత్తగ ఊడదన్నా. మోకాలు వంగితేనే ఊడ్తది. పట్టీ ఎవలన్న ఇప్పిన్రా?"

"ఎవ్వలిప్పలే!" అని అరిచాడు రెడ్యా. అరిచాక గుర్తొచ్చింది.

మొన్నటి తీజ్ పండుగ. తండాలో పెళ్లికాని పిల్లలంతా మొలకల బుట్టలకు నీళ్లు పోస్తుంటే, తన బిడ్డ ఒక్కతే చేనుకాడి ఇంట్లో కూర్చోవడమా అనుకున్నాడు. చాపిన కాలుతో బండెక్కరాదు. తానే పట్టీ విప్పి, మోకాలు మడిచి వెనక కూర్చోబెట్టుకున్నాడు. దిగాక మళ్లీ గట్టిగా బిగించాడు కూడా. ఇంత దూరానికి ఏమవుతుందిలే అనుకున్నాడు. దారిలో పిల్ల అబ్బా అని మూలిగినా పండుగ సంబరంలో పట్టించుకోలేదు.

వర్ష తండ్రి ముఖం చూసి తల దించుకుంది. "నేనే ఇప్పిన మేడం. దురద వెడుతుండె."

"బుద్ధున్నదా నీకు? నీ కాలు నువ్వే ఖరాబు చేసుకుంటవా?" వందన తిట్లు లంకించుకుంది.

రెడ్యా చేతిలోని ఎక్స్‌రే బల్ల మీద పెట్టాడు.

"పిల్లనేమనకు మేడం. ఇప్పింది నేను. నొస్తుందన్నా ఇనలే." చేతులు జోడించాడు. "దానికి మల్ల ఉరికే కాలియ్యి."