వెంట్రుకంత గీత

నేను ఆ విల్లు చేయడం మొదలుపెట్టింది మా బావను చంపడానికి. ఎవరైనా అడిగితే కాలక్షేపానికి అనేదాన్ని. కాలక్షేపానికి మొద్దులు చీల్చే ఆడది ఎక్కడైనా ఉంటుందా? అయినా అందరూ నమ్మారు. కుర్చీలు చేసి అమ్ముకునే నాకు చెక్క తప్ప వేరే లోకం లేదని మా వీధి మొత్తానికీ తెలుసు.

అక్క అప్పటికే నా దగ్గరికి వచ్చేసింది. కుడి మణికట్టుకు పిండికట్టు, చీలిన పెదవి, చెవి వెనక గుప్పెడు జుట్టు ఊడిన చోట ఎర్రటి మచ్చ. బావ ఆమె చేతిని తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. అన్నం చల్లారిందట. అదీ ఆమె చేసిన నేరం.

బావను అందరూ జాకీ అంటారు. లారీల షెడ్డులో టైర్లు మార్చే పని. లారీ చక్రాన్ని ఎవరి సాయం లేకుండా జాకీలా భుజంతోనే ఎత్తి బోల్టులకు తగిలిస్తాడని ఆ పేరు. ఆ పేరంటే ఆయనకు పంచప్రాణాలు. నీ వల్ల కాదు అని ఎవరైనా అంటే చాలు, చేసి చూపించేదాకా మనిషి మనిషిలా ఉండడు. ఒకసారి పందెం కూడా లేకుండా, ఉత్తి మాటకి, ఇనుప బీరువాను మేడ మీదికి మోసి నడుం పట్టేసి మంచమెక్కాడు. ఆ కోపమూ అక్క మీదే తీర్చుకున్నాడనుకోండి.

అక్క ఇలా రావడం మొదటిసారి కాదు. వస్తుంది, గాయాలు మానతాయి, ఏదో ఒక ఆదివారం బావ దిగుతాడు. గుమ్మంలో నిలబడి "మంచినీళ్ళు" అంటాడు. తప్పయిందని అనడు, రమ్మని కూడా అనడు. ఆ ఒక్క మాటకి అక్క లేచి గ్లాసు నింపి తెస్తుంది. ఆయన తాగి ఖాళీ గ్లాసు ఇచ్చేలోపు ఆమె సంచి సర్దుకోవడం మొదలవుతుంది. చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయేది. ఈసారి వెళ్తే నేను మళ్ళీ చూసేది అక్కను కాదు, అక్క శవాన్ని. ఆ భయం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఉలితో పొడిచేయొచ్చుగా అని మీరు అడగొచ్చు. ఆయన చేతులకు అందేంత దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయం. ఈ మాట చెప్పడానికి సిగ్గేం లేదు. దూరం నుంచి చంపే సాధనాల్లో నాకు చేతనైనది విల్లు ఒక్కటే. మా పెదనాన్న పోటీలకు వెళ్ళేవాళ్ళకు విళ్ళు చేసిచ్చేవాడు. చిన్నప్పుడు నా ఆటలన్నీ ఆయన బల్ల కిందే. ఆయన అటక మీద ఎండబెట్టి వదిలేసిన మొద్దు ఒకటి ఇంకా ఉంది.

మొద్దును నిలువునా చీల్చాను. ఇనుప మేకులు దిగ్గొట్టిన ప్రతి దెబ్బకీ బావ శరీరంలో ఒక్కో ఎముక పేరు చెప్పుకున్నాను. మోకాలు. మోచెయ్యి. దవడ. బెరడు తీసి, పైపొరలు ఒలిచి, ఒకే ఒక్క పొర దగ్గర ఆగాను. అది విల్లుకు వీపు, బాణం వెళ్ళే వైపు. ఆ పొరను ఎక్కడా కోయకూడదు. లాగేవాడి వైపు ఉండేది కడుపు. గీకేదంతా అక్కడే. గోనెసంచిలో పొట్టు కూరి గోడకు ఆనించి, సుద్దముక్కతో బావ ముఖం గీశాను. మీసం బాగా కుదిరింది.

"ముందు ఆ గొడ్డలి పిడి సరిగ్గా పట్టుకోవే, కాలు నరుక్కునేలా ఉన్నావ్" అంది అక్క మూలన కూర్చుని. నా ఉద్దేశం ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది, సంచి మీద మీసం కనపడుతూనే ఉందిగా.

విల్లు వంపు సరిచూడడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. గోడకు కొట్టిన కొయ్య మీద విల్లును అడ్డంగా కూర్చోబెట్టి, అల్లెతాడుకు ఇంకో తాడు కట్టి, కింద కప్పీ గుండా దాన్ని ఒకరు లాగాలి. ఇంకొకరు ఎదురుగోడ దగ్గర నిలబడి రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయో లేదో చూడాలి. అక్క ఎడంచేత్తో తాడు లాగేది, నేను చూసేదాన్ని. ఇంకొంచెం, ఆపు, వదులు. తర్వాత గీకుడు. మళ్ళీ లాగుడు. రోజులు అలా గడిచాయి. అక్క ముఖంలో కాస్త రంగు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం తాడు లాగుతున్న అక్క ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏదో చప్పుడైంది."

"నాకేం వినపడలేదే."

"నాకు వినపడింది. నా చెయ్యి విరిగే ముందు కూడా ఇలాగే అంది."

విల్లు దింపి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. కడుపు వైపు, పైకొమ్ము మధ్యలో, అడ్డంగా వెంట్రుకంత గీత. గోరుతో తడిమితే తెలిసింది, చెక్క లోపలికి నలిగింది. అక్కడ చెక్క పలచబడిపోయింది. ఆ చోట గీకుతున్నప్పుడు నా బుర్రలో బావ తప్ప విల్లు లేదు, చెయ్యి దానంతటది నడిచింది. కోపంతో చేసే పని కాదు ఇది అని పెదనాన్న నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేవాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇక పనికిరాదా?"

"కొంచెం లాగితే ఆగుతుందేమో. చెవిదాకా లాగితే మాత్రం ఢామ్మంటుంది. పైముక్క తిరిగొచ్చి ముఖానికే కొడుతుంది. పెదనాన్న నుదుటి మీద సొట్ట గుర్తుందా? అదే."

అక్క ఆ గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది.

"ముఖానికేనా?"

"ముఖానికే."

ఇలాంటి విల్లును ఇంట్లో ఉంచకూడదు, తెలియనివాడు ఎవడైనా లాగుతాడని అప్పటికప్పుడే రెండుగా కోసేసేవాడు పెదనాన్న. నేను రంపం తీశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "రేపు కొయ్యవే. ఇంత కష్టపడ్డావు, ఒక్కరోజు గోడకు ఉండనీ. ఆ తాడు కూడా ఉండనీ, నిండుగా ఉంది." సరే అన్నాను. ఏడుపు దాచుకోవాలని టీ పెట్టడానికి వెళ్ళాను.

ఆదివారం పొద్దున్నే బావ దిగాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. గుమ్మంలో నిలబడ్డాడు.

"మంచినీళ్ళు."

అక్క లేచింది. నేను ఆమెకు అడ్డంగా నిలబడ్డాను.

"బయట కుళాయి ఉంది బావా. తాగి అట్నుంచటే వెళ్ళిపో."

ఆయన నా జుట్టు పట్టుకుని బల్లకేసి కొట్టాడు. బల్ల అంచు పక్కటెముకల్లో దిగబడి ఊపిరి ఆగిపోయింది. కింద పడ్డాక బూటుకాలితో కడుపులో ఒకటి తన్నాడు, టైరుకి గాలి ఉందో లేదో చూసేవాడిలా. అప్పుడు గోనెసంచి ఆయన కంట పడింది.

"ఇదెవరు?"

"నువ్వే బావా. పోలిక రాలేదా?"

చెంప మీద పడిన దెబ్బకి నా పన్ను కదిలింది. నోట్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. నవ్వుతూ గోడ మీది విల్లు అందుకున్నాడు. "దీంతోనా నన్ను చంపేది? మిరపకాయంత లేవు, నువ్వా?" అంటూ తాడు మీద వేళ్ళు వేశాడు.

చెబితే నమ్మరు. ఏ మనిషిని చంపాలని ఆ విల్లు పట్టానో ఆ మనిషిని చూసి నేను అరిచిన మాట ఇది: "లాగొద్దు బావా! అది విరిగిపోతుంది, వదిలెయ్!"

వెనకనుంచి అక్క గొంతు వినపడింది. చల్లగా, వడ్డించేటప్పుడు మాట్లాడినట్టు.

"ఊరుకోవే, దాన్ని లాగడం ఆయన వల్ల ఎక్కడవుతుంది?"

బావ మెడ తిప్పి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట అలాంటి మాట విని ఉండడు. ముఖం ఎర్రబడింది. రొమ్ముదాకా లాగాడు. విల్లు మూలిగింది.

"ఇంతేనా మీ మగతనం? చెవిదాకా లాగాలట" అంది అక్క. "చెవిదాకా మీ వల్ల కాదులెండి. దించేయండి, నడుం పట్టేస్తుంది."

లాగాడు.

గదిలో తుపాకీ పేలినట్టయింది. పైముక్క తిరిగొచ్చి ఆయన చెంపఎముకను పగలగొట్టింది. చెక్క పేడు ఒకటి చెంపలోంచి దూరి నోట్లోకి దిగింది. కన్ను ఒకటి కనపడలేదు, నెత్తురే కనపడింది. ఏ మనిషైనా అక్కడ కూలిపోవాలి. జాకీ కూలలేదు. చేతిలో మిగిలిన ముక్కతోనే నా భుజం మీద బాది, ఎద్దులా రొప్పుతూ అక్క మీదికి వెళ్ళాడు. ఎడంచేత్తో ఆమె గొంతు పట్టుకుని గోడకు నొక్కాడు. ఆమె కాళ్ళు నేలను వెతుక్కుంటున్నాయి. నేను పాక్కుంటూ ఆయన మడమ కొరికాను. విదిలించేశాడు.

అక్క కుడిచెయ్యి ఎత్తింది. పిండికట్టు ఉన్న చెయ్యి. ఆ కట్టుతో ఆయన పగిలిన చెంప మీదే కొట్టింది. కట్టు బీటలిచ్చింది. ఇంకోసారి కొట్టింది. అతుక్కుంటున్న ఎముక మళ్ళీ విరిగిన చప్పుడు ఈసారి నాకూ వినపడింది. ఆమె అరవలేదు. మూడో దెబ్బకి పిండి, నెత్తురు, పన్ను అన్నీ కలిసి నేల మీద రాలాయి. ఆయనా రాలాడు.

పొట్టులో పడి ఉన్న బావ పెదవులు కదిలాయి. సగం నోటితోనే అన్నాడు.

"మంచి... నీళ్ళు."

అక్క లేచింది. గోడ పట్టుకుని, వేలాడుతున్న చేతిని రొమ్ముకు అదుముకుని, కుండ దగ్గరికి నడిచింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత జరిగాక కూడానా? ఆమె ఎడంచేత్తో గ్లాసు నిండా ముంచి, తిరిగొచ్చి, ఆయన తల దగ్గర నిలబడింది. ఆయన చెయ్యి చాచాడు.

అక్క ఆ నీళ్ళు తాగింది. గటగటా కాదు, నిదానంగా, ఆయన వంకే చూస్తూ, అడుగుదాకా. గ్లాసు బల్ల మీద బోర్లించి నా పక్కన కూలబడింది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యవే" అంది. "తొందరేం లేదు."